హోమ్‌లోన్ ఇన్సూరెన్స్ వేరు, ఇంటి ఇన్సూరెన్స్ వేరు

సంపాదకులు గారికి,

నమస్కారం. బంగాళాఖాతంలో వాయుగుండం అని వార్త వచ్చిన ప్రతిసారీ మా అపార్ట్‌మెంట్‌లో ఎవరో ఒకరు అడుగుతారు, "మన ఫ్లాట్లకు ఇన్సూరెన్స్ ఉందా?" అని. "లోన్ ఇచ్చేటప్పుడు బ్యాంకు వాళ్లే కట్టించారు కదా" అని ఇంకొకరు చెబుతారు. అంతటితో అందరూ స్థిమితపడతారు. కానీ చాలామంది చేత బ్యాంకు కట్టించింది ఇంటికి కాదు, అప్పు తీసుకున్న మనిషికి. ఆ మనిషి చనిపోతే మిగిలిన బాకీ తీర్చడానికి పనికొచ్చే పాలసీ అది. తుపానుకు గోడ కూలితే దాని నుంచి ఒక్క రూపాయి రాదు. ఈఎంఐ మాత్రం నెలనెలా కట్టాల్సిందే.

కొన్ని బ్యాంకులు ఇంటికి కూడా పాలసీ తీయిస్తాయి. అయితే అది లోన్ మొత్తానికే పరిమితమై ఉండొచ్చు. పాలసీలో బ్యాంకు పేరు కూడా ఉంటుంది కాబట్టి వచ్చిన పరిహారం ముందు బాకీ కింద జమ కావచ్చు. లోన్ తీరిపోయి దస్తావేజులు చేతికొచ్చాక ఆ పాలసీని గుర్తుపెట్టుకుని రెన్యువల్ చేయించినవాళ్లు నాకు తెలిసినంతలో చాలా తక్కువ. ఏళ్ల తరబడి కడుపు కట్టుకుని అప్పు తీర్చిన ఇల్లు, పూర్తిగా మనదైన రోజు నుంచే ఏ రక్షణా లేకుండా ఉంటోంది. నన్ను ఎక్కువగా బాధపెట్టేది ఇదే.

"ప్రకృతి వైపరీత్యాలకు ఇన్సూరెన్స్ వర్తించదు" అనే మాట కూడా మన ఊళ్లో బలంగా నాటుకుపోయింది. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుపాను నేరుగా విశాఖ మీదే తీరం దాటింది. విమానాశ్రయం పైకప్పే నిలవలేదు. ఎన్ని ఇళ్లలో కిటికీలు ఊడిపోయాయో, ఎన్ని డాబాల మీద నీళ్ల ట్యాంకులు ఎగిరిపోయాయో ఆ రోజు ఊళ్లో ఉన్నవాళ్లకు ఎవరూ చెప్పక్కర్లేదు. అలాంటి ఊళ్లో కూడా ఈ అపోహ పోలేదంటే తప్పు జనానిది కాదు, చెప్పాల్సినవాళ్లు చెప్పకపోవడమే. బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ ఆదేశంతో 2021 ఏప్రిల్ 1 నుంచి 'భారత్ గృహ రక్ష' అనే ఒకే తరహా పాలసీ అందుబాటులో ఉంది. తుపాను, వరద, భూకంపం, కొండచరియలు విరిగిపడటం, పిడుగు, అగ్నిప్రమాదం అన్నీ అందులో ఉన్నాయి. ప్రహరీ గోడ, నీళ్ల ట్యాంకు, డాబా మీద సోలార్ ప్యానెళ్లు కూడా ఇంటి కిందకే వస్తాయి. ఇల్లు ఉండటానికి వీల్లేకుండా పోతే వేరేచోట కట్టే అద్దెకూ ఏర్పాటు ఉంది.

ప్రభుత్వం ఆదుకుంటుంది కదా అనేవాళ్లూ ఉన్నారు. ఆదుకోవాలి, కాదనను. కానీ 2022-26 కాలానికి కేంద్రం పెట్టిన విపత్తు సాయం నిబంధనల్లో, మైదాన ప్రాంతంలో పక్కా ఇల్లు పూర్తిగా కూలితే ఇచ్చేది 1.20 లక్షల రూపాయలు. ఆ డబ్బుతో ఈ రోజుల్లో ఇల్లు లేస్తుందా?

ఇంకో గందరగోళం ఇంటి విలువ దగ్గర. ఫ్లాట్ ధర 80 లక్షలు కాబట్టి అంతకీ ప్రీమియం కట్టాలేమో అని భయపడి చాలామంది ఆ జోలికే పోవడం లేదు. నిజానికి బీమా స్థలానికి కాదు, కట్టడానికి. లెక్క కట్టేది కార్పెట్ ఏరియాను, అంటే గోడల లోపలి వైశాల్యాన్ని, నిర్మాణ ఖర్చుతో గుణించి. వెయ్యి చదరపు అడుగుల ఫ్లాట్‌కు అడుగుకు 2,000 చొప్పున అనుకుంటే 20 లక్షలే అవుతుంది. దానికి తోడు అందులో 20 శాతం, అంటే 4 లక్షల వరకు, లోపలి సామానుకు విడిగా జాబితా ఇవ్వకుండానే కవర్ వస్తుంది. ఆ 20 శాతానికి గరిష్ఠ పరిమితి 10 లక్షలు.

అలాగని అన్నీ ఇందులోనే వస్తాయనుకుంటే అదీ పొరపాటే. ఉప్పుగాలికి శ్లాబులో ఇనుము తుప్పు పట్టి పెచ్చులూడటం, ఏటా వానలకు గోడ చెమ్మెక్కడం మన తీరప్రాంతపు ఇళ్లకు మామూలే. అవి కాలక్రమంలో వచ్చే అరుగుదల కిందకు వస్తాయి, ఏ కంపెనీ ఇవ్వదు. సంక్రాంతికి తాళం వేసి ఊరెళ్లినప్పుడు దొంగలు పడితే కూడా ఈ పాలసీ ఆదుకోదు, దానికి విడిగా బర్గ్లరీ పాలసీ ఉండాలి. తుపాను లాంటి ప్రమాదం జరిగి, దాని మూలంగా 7 రోజుల లోపు పోయిన సామానుకే ఇందులో పరిహారం. నగలకు అదనపు కవర్ అడిగి తీసుకోవాలి. నగదు అసలు లెక్కలోకే రాదు. చెట్టు పడి కారు నుజ్జయితే అది కారు ఇన్సూరెన్స్ చూసుకోవాలి, అదీ థర్డ్ పార్టీ ఒక్కటే ఉంటే రాదు.

అద్దెకుండేవాళ్లు ఓనర్ పాలసీ తమ టీవీకీ ఫ్రిజ్‌కీ సరిపోతుందనుకుంటున్నారు. సరిపోదు, సామాను వరకు వాళ్లు సొంతంగా తీసుకోవచ్చు. లిఫ్టు, జనరేటర్ లాంటి ఉమ్మడి ఆస్తుల పాలసీ సంగతి అసోసియేషన్లే చూసుకోవాలి. నెల నెలా మెయింటెనెన్స్ వసూలు చేస్తున్న మనం దీన్ని మీటింగు ఎజెండాలో పెట్టకపోవడం అన్యాయం.

ఈ వివరాలన్నీ పాలసీ కాగితాల్లో ఉన్నాయి, కానీ చిన్న అక్షరాల ఇంగ్లిషులో. అందుకే బ్యాంకులను, బీమా కంపెనీలను నేను కోరేది ఇది. లోన్ కాగితాల మీద సంతకం పెట్టించేటప్పుడే, "ఈ పాలసీ మీ ప్రాణానికా, ఇంటికా? ఎంతకు? ఎప్పటిదాకా? ఏమేమి రావు?" అన్న నాలుగు సంగతులు తెలుగులో ఒక్క పేజీలో రాసి ఇవ్వాలి. లోన్ ముగిసిన రోజు దస్తావేజులతో పాటు, ఇంటి పాలసీ కూడా ముగిసిందో లేదో చెప్పాలి. 2024 సెప్టెంబర్‌లో బుడమేరు వాగు పొంగి విజయవాడ సింగ్‌నగర్ ఇళ్లలో రోజుల తరబడి నీళ్లు నిలిచాయి. అప్పుడైనా ఈ పని మొదలవ్వాల్సింది. 2025 సెప్టెంబర్ 22 నుంచి వ్యక్తిగత జీవిత, ఆరోగ్య బీమాకు జీఎస్టీ తీసేసిన కేంద్రం, ఇంటి బీమాకూ అదే వెసులుబాటు ఇవ్వాలి. జిల్లా కలెక్టర్ గారు బ్యాంకర్ల సమావేశంలో ఈ తెలుగు పేజీ విషయం చర్చకు పెట్టి, అక్టోబర్ తుపాన్ల కాలం రాకముందే విశాఖలోని అన్ని బ్యాంకు శాఖల్లో అమలయ్యేలా చూడాలని మీ పత్రిక ద్వారా కోరుతున్నాను.

ఇట్లు,
ఒక అపార్ట్‌మెంట్ సంఘం కార్యదర్శి,
ఎంవీపీ కాలనీ, విశాఖపట్నం