ఆ పదమూడు శాతం ఎవరిది? కేంద్ర కార్మిక మంత్రి గారికి బహిరంగ లేఖ

కేంద్ర కార్మిక, ఉపాధి శాఖ మంత్రి గారికి నమస్కారం.

అయ్యా, మాది ప్రకాశం జిల్లా చీమకుర్తి. నల్లరాతిలో బంగారు చుక్కలు మెరిసే గెలాక్సీ గ్రానైట్ మా ఊరిదే. ఇక్కడ ఒక పాలిషింగ్ ఫ్యాక్టరీలో కాంట్రాక్టరు కింద పనిచేస్తున్నాను. పీఎఫ్ లెక్కలో నా జీతం 15,000. ఈఎస్ఐ వైద్య బీమా కోత సంగతి అట్లుంచితే, చేతికొచ్చేది 11,250. మిగతాది ఏమైందని అడిగితే, "పాతిక శాతం పీఎఫ్. నీ పన్నెండు, మా పదమూడు" అన్నాడు గుమాస్తా. దాచలేదు కూడా, అందరికీ అంతేనన్నట్టు చెప్పాడు.

ఆ పదమూడేమిటో తెలుసుకోవడానికి నాకు చాలాకాలం పట్టింది. నా వాటా 1,800. యజమాని తన జేబులోంచి కట్టాల్సినవి వేరే: పీఎఫ్‌లోకి 550, పెన్షన్‌లోకి 1,250, పనిలో ఉండగా చనిపోతే ఇంటివాళ్ళకొచ్చే బీమాకు 75, పీఎఫ్ ఆఫీసు నిర్వహణ చార్జీ 75. మొత్తం 1,950. యజమాని వాటాను కార్మికుడి జీతంలో కోయకూడదని 1952 పీఎఫ్ స్కీము 31వ పేరా చెబుతోంది. ఎలాంటి ఒప్పందం ఉన్నా సరే కోయకూడదు. అయినా నెలనెలా నా కూలిలోంచే పోతోంది.

పాస్‌బుక్ చూస్తే ఇది తెలియదు. నా వాటా, యజమాని వాటా, పెన్షన్ వాటా అని మూడు అంకెలుంటాయి. యజమాని వాటా నిజంగా యజమానిదేనా అన్నది అందులో ఉండదు. బీమా, చార్జీల 150 రూపాయలు అసలు కనిపించవు. పెన్షన్ సంగతీ అంతే. 2014 సెప్టెంబరు తర్వాత చేరి 15,000 మీద పదేళ్ళు చేసినవాడికి 58 ఏళ్ళ తర్వాత నెలకు వచ్చేది సుమారు 2,142. మా షెడ్డులో ఈ లెక్క చెబితే ఒక్కరూ నమ్మలేదు.

ఫోన్ నుంచి మెసేజ్ పెడితే బాలెన్స్ తెలుగులో వస్తోంది, అది మంచి పని. అందులోనే ఈ నెల చార్జీ ఎంత, బీమా ఎంత, ఇవి యజమాని కట్టాల్సినవి అని రెండు ముక్కలు చేర్పించండి. ఇప్పటిదాకా వచ్చిన సర్వీసుకు పెన్షన్ ఎంతవుతుందో కూడా చెప్పించండి.

ఇంకొకటి. ఆ పదమూడు ఎవరి జేబులోంచి పోతోందో తేలేలా, కాంట్రాక్టరు ఫ్యాక్టరీకిచ్చే బిల్లునూ మా జీతం చీటీలనూ పక్కపక్కన పెట్టి చూసే అధికారిని పంపండి. జీతం చీటీ నాకు ఇంతవరకూ ఇవ్వలేదు. ముందు అది ఇప్పించండి.

ఇట్లు,
చీమకుర్తి గ్రానైట్ కార్మికుడు