అబ్బాయిలే గట్టివాళ్లా?

ఎడిటర్ గారికి నమస్కారం,

లాక్‌డౌన్ దెబ్బని యూనివర్సిటీ అబ్బాయిలు తట్టుకున్నారు, అమ్మాయిలే డీలా పడ్డారు అని ఈమధ్య తేలిగ్గా అనేస్తున్నారు. కష్టాన్ని తట్టుకునే శక్తిని కొలిచే చాలా సర్వేల్లో అబ్బాయిల స్కోరు కాస్త ఎక్కువొస్తున్న మాట నిజమే గానీ ఆ స్కోరు ఎలా వస్తుందో కూడా చూడాలి కదండీ. ఆ శక్తిని కొలవడానికి 2003లో వచ్చిన కానర్-డేవిడ్‌సన్ స్కేల్ అనే ప్రశ్నల పట్టికలో 25 అంశాలు, ఒక్కోదానికి 0 నుంచి 4 మార్కులు, ఎవరి మార్కులు వాళ్లే వేసుకోవాలి. భయపడ్డానని కాగితం మీద ఒప్పుకోవడం మన అబ్బాయిలకి నామోషీ.

మా పర్లాకిమిడిలో 2020 మార్చి 25 తర్వాత చూసిందేంటంటే, ఇంటికి ఒక్కటే స్మార్ట్‌ఫోను, పగలంతా అన్న చేతిలో, చెల్లికి అంట్లు తోమి వంటిల్లు సర్దాక రాత్రి పదింటికి దొరికేది, అదీ చార్జింగ్ అయిపోవొచ్చాక, దానికితోడు పెళ్లిసంబంధాల గొడవొకటి. అయినా మా వీధి అమ్మాయి అలాగే డిగ్రీ గట్టెక్కి బరంపురంలో పీజీ కూడా చేసింది. అబ్బాయిల్లో చదువొదిలేసి విశాఖపట్నం పనులకి పోయినోళ్లు ఉన్నారు, స్టూడెంట్లే కాకుండా పోయాక వాళ్లని సర్వే ఎవరు అడుగుతారు?

మనసు బాగోలేనప్పుడు ఫోన్ చేసి మాట్లాడ్డానికి ప్రభుత్వం పెట్టిన టెలిమానస్ 14416 నంబరు 2022 నుంచి ఉంది, తెలుగులో కూడా మాట్లాడొచ్చు. ఇక్కడి కాలేజీ నోటీసుబోర్డుల మీద ఆ నంబరు ఒడియాతో పాటు తెలుగులోనూ రాయించాలి. కౌన్సెలర్లని వేస్తే తెలుగొచ్చినవాళ్లని వెయ్యాలి, అందులో ఒక ఆడమనిషి ఉండాలి.

- ఒక పాఠకుడు, పర్లాకిమిడి, గజపతి జిల్లా, ఒడిశా