లలితకు ఉత్తరం

గుంటూరు, బ్రాడీపేట
ఆదివారం

చి. లలితకు నాన్న ఆశీస్సులు.

ఇక్కడ అందరం కులాసా. అమ్మ మోకాలి నొప్పి కొంచెం తగ్గింది. కొత్త కారం పట్టించాం, ఇల్లంతా ఘాటు. బాబ్జీ వాళ్ళు పైవాటా ఖాళీ చేశారు. ఫోన్లో అన్నీ చెప్పుకోవడం కుదరదు, నువ్వు "సరే నాన్నా, బస్సు వచ్చింది" అని పెట్టేస్తావు. అందుకే రాస్తున్నాను.

మొన్న సుబ్బులత్త వాళ్ళ బుజ్జి విజయవాడ బస్టాండులో దిగి కృష్ణలంక వైపు వెళ్తూ, పద్మావతి ఘాట్ మెట్ల మీద నిన్ను చూశాడట. మధ్యాహ్నం ఒంటిగంటన్నరకి. ఒక్కదానివే ఉన్నావట, ఒళ్ళో ఫిడేలు ఉందట. కళ్ళు మూసుకుని వాయించుకుంటున్నావని పలకరించలేదట. ఆ మాట అత్త నోట మీ అమ్మ దాకా వచ్చేసరికి "లలిత రోజూ ఏటి గట్టున ఒంటరిగా కూర్చుంటోందట" అయింది. అమ్మ ఆ రాత్రి నిద్రపోలేదు. నేను మాత్రం ఫిడేలు అన్న మాట దగ్గర ఆగాను. ఉద్యోగంలో చేరాక నువ్వు దాని ఊసే ఎత్తడం లేదు. అడిగితే "బానే ఉన్నాను" అంటావు. నేను అడిగింది నీ గురించి కాదు, సాధన గురించి. మానేశావేమో అనుకున్నాను. మానలేదని తెలిసి నాకు నిజంగా సంతోషం వేసింది.

రాత్రి ఫిడేలు విద్వాంసులు అన్నవరపు రామస్వామి గారి పాత రికార్డింగు విన్నాను. 1926లో పుట్టిన మనిషి, పారుపల్లి రామకృష్ణయ్య పంతులు గారి శిష్యుడు. 2021లో పద్మశ్రీ ఇచ్చారు. ఆయన కమాను తంత్రుల మీద ఎంత తేలిగ్గా సాగుతుందో విను. విజయవాడ రేడియోలో ఏళ్ళ తరబడి పనిచేశారు కాబట్టి ఆయనకి ఉద్యోగమూ సాధనా ఒకటే. నీకు అలా కాదు. పొద్దున తొమ్మిదిన్నర నుంచి ఆరున్నర దాకా కంప్యూటర్ ముందు కూర్చుని, హాస్టల్‌కి వెళ్ళాక గదిలో ఇద్దరు పిల్లల మధ్య వాయించడం కష్టమే. ఒకరు పరీక్షలకి చదువుతుంటారు, ఇంకొకరు నైట్ షిఫ్టు చేసి పడుకుంటారు. మధ్యాహ్నం దొరికే గంటే నీది. అది నాకు తెలుసు.

కానీ ఆ ఘాట్ ఎందుకమ్మా? మార్చి నెలలో ఒంటిగంటన్నరకి ఆ సిమెంటు మెట్లు పెనంలా కాలుతుంటాయి. నీడ లేదు. బ్యారేజీ గేట్లు మూసి ఉంటే ముందర ఇసక తప్ప ఏమీ ఉండదు, ఎత్తితే నీళ్ళు ఎటునుంచి వస్తాయో తెలియదు. 2024 సెప్టెంబరులో 11 లక్షల క్యూసెక్కులకి పైగా వదిలినప్పుడు కృష్ణలంక వాళ్ళు ఎంత టెన్షన్ పడ్డారో నువ్వూ టీవీలో చూశావు. సరే, ఇప్పుడు వరదలు లేవు. అయినా చెబుతున్నాను.

సంగీతం సంగతే మాట్లాడదాం. పెదనాన్న సంగతి నీకు సగమే తెలుసు. ఆయన పత్తి మిల్లులో గుమాస్తాగా చేరిన కొత్తలో వాళ్ళ గదిలో నలుగురు. ఇంట్లో నాయనమ్మకి ఒంట్లో బాగుండేది కాదు, ఫిడేలు తీయడానికి వీల్లేదు. మధ్యాహ్నం జిన్నింగ్ మెషిన్లు ఆపినప్పుడు ఆయన గోడౌన్‌లోకి దూరేవాడు. చుట్టూ పత్తి బేళ్ళు కప్పు దాకా ఉండేవి. మధ్యలో రెండు బేళ్ళు జరిపి, కింద గోనె సంచి పరుచుకుని కూర్చునేవాడు. కాపలా తాత తలుపు వేసి, "బయటికి చప్పుడే రావట్లేదు బాబూ, మీ ఇష్టం" అనేవాడు. పెదనాన్న దానికి మురిసిపోయాడు. దూది పీచు వచ్చి కమాను వెంట్రుకలకి, వాటికి రాసే రోజిన్‌కి అంటుకునేది. కీర్తన కీర్తనకీ పంచె అంచుతో తంత్రులు తుడుచుకోవలసి వచ్చేది. ఆ ఏడంతా అలాగే సాగింది.

శ్రీరామనవమికి అరండల్‌పేట పందిట్లో గాత్రం పక్కన వాయించమని పిలిచారు. వర్ణం ఎత్తుకోగానే ఫిడేలు కిర్రుమంది. తంత్రి మీద కమాను అంత బరువుగా పడుతోంది. పాడే ఆయన తల తిప్పి చూశారు. నేను ముందు వరసలో ఉన్నాను, పెదనాన్న చెవులు ఎర్రబడ్డాయి. పెదనాన్నకి ఫిడేలు నేర్పిన మాష్టారు ఏమీ అనలేదు. మర్నాడు ఇంటికి పిలిచి, ఎక్కడ సాధన చేస్తున్నావని అడిగారు. గోడౌన్ అని చెప్పగానే ఆయనకి అర్థమైంది. పత్తి నాదాన్ని తినేస్తుంది. చెవికి చాలదని చెయ్యి నొక్కుతుంది, నొక్కగా నొక్కగా అదే అలవాటవుతుంది. తన వంటింటి పక్క చిన్న గదిలో పొద్దున్నే కూర్చోబెట్టి, షడ్జం, అదే 'స', ఒక్కటే నిడుపాటి కమానుతో తీయించారు. వర్ణం ముట్టుకోనివ్వలేదు. చెయ్యి తేలికపడడానికి మళ్ళీ దసరా వచ్చింది.

ఇదంతా ఎందుకంటే, ఘాట్ దగ్గరా అదే జరుగుతుంది. తెరిచిన చోట నాదం వెనక్కి రాదు. బస్టాండు హారన్లు, గాలి. నీకు తెలియకుండానే నొక్కుతావు. అలాగని ఏ భవనం లోపలి మెట్లదారిలోనో కూర్చుంటే అది ఇంకో రకం. అక్కడ గోడలు నాదాన్ని తీయగా తిప్పి ఇస్తాయి, శ్రుతి అటూ ఇటూ అయినా బాగానే ఉన్నట్టు వినిపిస్తుంది. నీకు కావలసింది నాలుగు గోడల చిన్న గది. మీ ఆఫీసులో మీటింగ్ గది భోజనాల వేళ ఖాళీగానే ఉంటుంది కదా? మీ మేనేజరు గారిని అడుగు. దాచుకుని వాయించే పని కాదిది. పెదనాన్న చివరికి హెడ్ గుమాస్తానే అడిగాడు, ఆయన తన గది తాళం చేతిలో పెట్టాడు. అడిగితే పోయేదేముంది? కాదంటే గవర్నర్‌పేటలో మీ ఆఫీసు దగ్గర ఏ గుళ్ళోనో మండపం చూసుకో. మధ్యాహ్నం గుడి మూసినా మండపంలో పూజారి గారి వాళ్ళు ఎవరో ఒకరు ఉంటారు. ఎవరో ఒకరు ఉండాలి, నాకు కావలసింది అదే.

బుజ్జికి ఇచ్చిన సంచిలో రబ్బరు మ్యూట్ పెట్టాను. ఫిడేలు బ్రిడ్జి మీద ఎక్కిస్తే పక్క గదికి పెద్దగా వినపడదు. వరసలకీ, వర్ణం మూడు కాలాలకీ అది చాలు, హాస్టల్‌లో కూడా పనికొస్తుంది. కానీ రోజూ కాసేపు తీసేసి వాయించు, లేకపోతే పత్తి గోడౌన్ కథే. కమాను పట్టడానికి అసలు వీలు లేని రోజు ఎడమ చేతి వేళ్ళు నడిపించు, స్వరం మనసులో పాడుకో. ఫిడేలు స్కూటీ మీద ఎండలో వదలకు. వేడికి లోపలి జిగురు మెత్తబడి అతుకులు ఊడతాయి, బిరడాలు జారతాయి.

అదే సంచిలో గోంగూర, కరివేపాకు పొడి, అమ్మ చేసిన సున్నుండలు ఉన్నాయి. ఆ గంటలో వాయిస్తే తినేదెప్పుడు? ముందు తిని తర్వాత కూర్చో. కిందటిసారి వచ్చినప్పుడు గాజులు మోచేతి దాకా జారుతున్నాయని అమ్మ అంది.

ఒక్క మాట అడగాలి. వాయించుకోవడానికే వెళ్తున్నావా, ఆఫీసులోనో హాస్టల్‌లోనో ఎవరైనా ఏమైనా అన్నారా? అమ్మకి చెప్పలేకపోతే నాకు చెప్పు. ఆదివారం దాకా ఆగకు, ఇది అందిన రోజే ఫోన్ చెయ్యి. ఉగాదికి ముందు రోజు సాయంత్రమే బయల్దేరు, చీకటి పడకుండా. ఫిడేలు తప్పకుండా తెచ్చుకో. పైవాటా ఖాళీగా ఉందని చెప్పాను కదా, అద్దెకి ఇవ్వడం పండగ తర్వాత చూద్దామని అమ్మతో అన్నాను.

ఇట్లు,
నాన్న