సభ్యుల జాబితా సైనికుడి చేతికి వెళ్తే దాన్ని ప్రక్షాళన అనకండి

సంపాదకులకు,

రాజుకూ పార్లమెంటుకూ మధ్య జరిగిన ఇంగ్లండ్ అంతర్యుద్ధంపై మీ ఆదివారం అనుబంధంలో వచ్చిన వ్యాసం 1648 డిసెంబరు 6 నాటి ఘటనను ‘పార్లమెంటు ప్రక్షాళన’ అని మెచ్చుకుంది. ఆ మెప్పు నాకు బాధ కలిగించింది.

ఆ ఉదయం పార్లమెంటు సైన్యానికి చెందిన కర్నల్ థామస్ ప్రైడ్ సైనికులతో కామన్స్ సభ (పార్లమెంటు దిగువ సభ) మెట్ల దగ్గర జాబితా పట్టుకుని నిలబడ్డాడు. వచ్చేవాళ్లలో ఎవరెవరో చెప్పడానికి పక్కన గ్రోబీ ప్రభువు గ్రే ఉన్నాడు. ఆయనా ఆ సభ సభ్యుడే! తోటివాళ్లను తానే చూపించి పట్టించాడు. విలియం ప్రిన్ అనే సభ్యుడు ఎదురు తిరిగితే లాక్కుపోయారు. నలభై మందికి పైగా నిర్బంధించి, ఆ రాత్రి దగ్గర్లోని మద్యశాలలో ఉంచారు. ఇంకా వంద మందికి పైగా సభ్యులను గడప తొక్కనివ్వలేదు.

వాళ్లు చేసిన తప్పేమిటి? రాత్రంతా చర్చించి, ముందురోజు తెల్లవారాక, యుద్ధంలో ఓడిన చార్లెస్ రాజు ఇచ్చిన జవాబులను బట్టి ఆయనతో ఒప్పందానికి ముందుకెళ్లవచ్చని 129-83 ఓట్లతో తీర్మానించడం. సైన్యం కోపానికి కారణాలున్నాయి, కాదనను. జీతాలు బకాయి పడ్డాయి. ఓడిపోయిన రాజే మళ్లీ యుద్ధం తెచ్చిపెట్టాడు. అయినా ఓటింగులో ఓడిన పక్షం కోసం గెలిచిన పక్షాన్ని గుమ్మంలోనే ఆపేయడం ఏ లెక్కన బాగుచేయడం?

1642లో ఐదుగురు సభ్యులను పట్టుకోవడానికి చార్లెస్ రాజు సాయుధులతో సభకొస్తే, స్పీకర్ లెంథాల్ మోకరిల్లి మరీ వాళ్ల జాడ చెప్పనన్నాడు. ఆ పార్లమెంటు కోసం పోరాడిన సైన్యమే ఏడేళ్లు తిరక్కుండా రాజు చేయలేని పని చేసి చూపించింది.

మిగిలిన సభ రాజుపై విచారణ జరిపించింది, 1649 జనవరి 30న తల తీయించింది. సైన్యం ఏరి ఉంచిన సభే కదా, దాన్నయినా బతకనిచ్చారా? 1653 ఏప్రిల్ 20న సేనాని క్రామ్‌వెల్ తుపాకీలవాళ్లను లోపలికి పిలిచి అందరినీ వెళ్లగొట్టాడు. లెంథాల్‌ను కుర్చీలోంచి దింపేశారు. 1648లో గుమ్మం బయటే ఆపేసినవాళ్లు మళ్లీ సభలో అడుగుపెట్టింది 1660 ఫిబ్రవరిలో, అదీ జనరల్ మాంక్ అనే మరో సేనాని రానిస్తేనే.

మన శాసనసభల్లో గొడవ జరిగిన ప్రతిసారీ ‘నాలుగు రోజులు మిలిటరీకి అప్పగిస్తే దారికొస్తారు’ అనే మాట టీకొట్టు దగ్గర వింటూనే ఉంటాం. మీ వ్యాసం ఆ మాటకు బలమిస్తుంది. వచ్చే ఆదివారం ఆ 129-83 ఓట్ల సంగతి, సభ్యులను ఆపిన తీరు వివరంగా ప్రచురించమని కోరుతున్నాను.

– ఒక విశ్రాంత చరిత్ర అధ్యాపకుడు, తెనాలి