ఒక చేనులో రెండు పంటలు: వ్యవసాయ శాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన వ్యవసాయ శాఖ మంత్రి గారికి,

నమస్కారం. జొన్నలో కంది, మొక్కజొన్నలో అలసంద వేసుకునే చిన్న రైతుల తరఫున ఈ ఉత్తరం రాస్తున్నాను. మేం కొత్త పథకం అడగడం లేదు. ఉన్న పథకాలన్నీ చేనుకు ఒకే పంట అన్న లెక్క మీద నడుస్తున్నాయి. ఆ లెక్క మార్చమని అడుగుతున్నాం.

పంట నమోదుకు వచ్చినవారు "ప్రధాన పంట ఏది?" అని అడుగుతారు. జొన్న అని చెబితే అదొక్కటే రాసుకుని వెళతారు. మధ్య సాళ్ళలో ఉన్న కంది కాగితం మీదికి ఎక్కదు. కాగితం మీద లేని పంటకు బీమా రాదు, నష్టపరిహారం రాదు. అమ్ముకోవడానికి తీసుకెళితే "మీ పేరు మీద కంది లేదే" అంటారు. ఇలా రెండు మూడేళ్ళు జరిగితే ఏ రైతైనా అంతర పంట మానేసి, కాగితానికి సరిపోయే ఒక్క పంటే వేస్తాడు. చాలామంది అలాగే మానేశారు.

మానేస్తే పోయేదేమిటో చెబుతాను. రెండు జొన్న సాళ్ళకు ఒక కంది సాలు చొప్పున ఎకరం వేశామనుకోండి. విడిగా వేస్తే వచ్చే జొన్నలో 80 శాతం, విడిగా వేస్తే వచ్చే కందిలో 50 శాతం పండాయనుకుందాం. ఒక్కో పంటనే చూసేవారికి రెండూ తగ్గినట్టే. కానీ 0.8కి 0.5 కలిపితే 1.3. అంత జొన్న, అంత కంది విడివిడిగా పండించాలంటే ఎకరం ముప్పై సెంట్లు కావాలి. శాస్త్రవేత్తలు దీన్నే భూ సమానతా నిష్పత్తి అంటారు. ప్రపంచవ్యాప్తంగా జరిగిన అంతర పంటల ప్రయోగాలను కలిపి చూస్తే ఇది సగటున 1.2, 1.3 మధ్య తేలింది. భూమి పెంచుకోలేని రైతుకు ఆ ఇరవై ముప్పై సెంట్లంటే చిన్న విషయం కాదు.

ఇది ఎలా సాధ్యమంటే, రెండింటి అవసరాలు ఒకేసారి రావు, ఒకే చోట ఉండవు. జొన్న వంద, నూట పది రోజుల్లో కోతకొస్తుంది. కంది మొదటి రెండు నెలలు నెమ్మదిగా పెరుగుతుంది, జొన్న కోశాకే కొమ్మలు సాచి, లోతున మిగిలిన తేమతో కాపుకొస్తుంది. వాన మొదట్లో మొహం చాటేస్తే జొన్న దెబ్బతిన్నా కంది నిలబడే అవకాశం ఉంది. భాస్వరం సంగతి ఇంకా ఆశ్చర్యం. ఎర్ర నేలల్లో ఇనుముతో బిగుసుకుపోయిన భాస్వరాన్ని కంది వేళ్ళు పిసిడిక్ ఆమ్లం వదిలి విడిపించుకుంటాయని అంతర్జాతీయ పంటల పరిశోధన సంస్థ ఇక్రిశాట్‌లో పనిచేసిన పరిశోధకులు 1990లో ప్రచురించారు. జొన్నకు ఆ శక్తి లేదు.

నత్రజని విషయంలో మాత్రం మీ శాఖ ప్రచారంలో కొంచెం జాగ్రత్త కావాలి. పప్పు మొక్క పక్కనుంటే జొన్నకు యూరియా అక్కర్లేదని కొందరు చెబుతుంటారు. అది నిజం కాదు. పప్పు మొక్క నుంచి పక్క పైరుకు అదే సీజన్‌లో అందే నత్రజని చాలా తక్కువ. అసలు లాభం వేరే. నేలలో ఉన్న నత్రజనిని జొన్న తీసేసుకుంటుంది కాబట్టి కంది తన వేరు బుడిపెల్లోని రైజోబియం అనే బ్యాక్టీరియా సాయంతో గాలి నుంచి ఎక్కువగా తెచ్చుకుంటుంది. ఇద్దరికీ పోటీ తగ్గుతుంది. రాలిన ఆకు, నేలలో మిగిలిన వేళ్ళు తర్వాతి పంటకు పనికొస్తాయి. చేనంతా యూరియా చల్లితే బుడిపెలు పని తగ్గించేస్తాయి. అందుకే "ఎకరానికి ఇన్ని బస్తాలు" అనే సలహా అంతర పంటకు పనికిరాదు. ఎరువు ఏ సాలుకు, ఎప్పుడు, ఎంత అని చెప్పాలి.

కలుపు మందుల దగ్గర ఇంకా పెద్ద చిక్కుంది. మొక్కజొన్నకు సిఫార్సు చేసే అట్రజిన్ పప్పు మొక్కల్ని దెబ్బతీస్తుంది. 2,4-డి అయితే వెడల్పాటి ఆకున్న ప్రతి మొక్కనూ పట్టుకుంటుంది, అందులో అలసందా ఉంది, పెసరా ఉంది. సలహా ఇచ్చేవారి చేతిలో మొక్కజొన్న కరపత్రం ఒకటి, పెసర కరపత్రం ఒకటి ఉంటాయి. రెండూ కలిసిన చేనుకు కరపత్రమే లేదు. ఇక రైతు చేత్తో కలుపు తీయించాలి, ఆ పని ఎక్కువగా ఆడవాళ్ళ మీద పడుతుంది. అంతర పంటను మెచ్చుకుంటూ రాసేవారు వాళ్ళ నడుము నొప్పి గురించి రాయరు. రెండు పంటలకూ సరిపడే మందులేవో తేల్చి చెప్పండి, సాళ్ళ మధ్య నడిచే చిన్న గుంటకల్ని అద్దెకు దొరికేలా చేయండి.

విత్తనం సంగతీ అంతే. కొత్త రకాల్ని విడి పంటగా పరీక్షించి విడుదల చేస్తారు. గుబురుగా, వెడల్పుగా పెరిగే మొక్కజొన్న రకం విడిగా బాగా పండొచ్చు, కింద పప్పు పంటను మాత్రం నీడతో చంపేస్తుంది. ఏ రకం దేని పక్కన సర్దుకుంటుందో విడుదలకు ముందే చూడాలి.

అలాగని ప్రతి చేనులోనూ అంతర పంట వేయించమని అడగను. నీటి సదుపాయం బాగా ఉండి, దగ్గర దగ్గరగా మొక్కజొన్న వేసేచోట ఇది కలిసిరాకపోవచ్చు. యంత్రంతో కోసేవారికి ఇబ్బంది. టార్గెట్లు పెట్టి, ఫొటోలు తీసి, అంకెలు పంపమంటే ఇది కూడా పాడైపోతుంది. అడ్డంకులు తీసేస్తే చాలు, వేయాలా వద్దా అన్నది రైతు చూసుకుంటాడు.

ముందుగా నమోదు పత్రంలో రెండో పంటకు ఒక గడి, పక్కనే సాళ్ళ నిష్పత్తి రాసే చోటు పెట్టించండి. దీనికి పెద్ద ఖర్చు లేదు, వచ్చే విత్తనాల నాటికి చేయొచ్చు. ఆ గడిలో రాసిన విస్తీర్ణాన్ని బీమాకు, కొనుగోలుకు ఒప్పుకోవాలని అదే ఉత్తర్వులో చేర్చండి. లేకపోతే గడి నిండుతుంది గానీ కంది అమ్ముడుపోదు.

ఇట్లు,
ఒక చిన్న రైతు