కన్యాశుల్కం చదవకుండానే కన్యాశుల్కంపై మార్కులు

సంపాదకులకు,
అయ్యా,

డిగ్రీలో తెలుగు సాహిత్యం చదువుకున్న నేను ‘కన్యాశుల్కం’ మీద అడిగిన వ్యాసరూప ప్రశ్నకు నాలుగు పుటల సమాధానం రాసి, ఆ పేపరులో ప్రథమ శ్రేణి మార్కులు తెచ్చుకున్నాను. అప్పటికి ఆ నాటకం ఒక్క పుట కూడా చదివి ఎరగను. విజయనగరం జిల్లాలో పుట్టి, గురజాడ ఇంటి మీదుగా ఎన్నోసార్లు నడిచి వెళ్లినదాన్ని కనుక ఈ మాట ఒప్పుకోవడానికి సిగ్గుగానే ఉంది. అయితే నాతోపాటు పరీక్ష రాసినవారిలో ఎంతమంది చదివారని తరువాత వాకబు చేస్తే ఇద్దరే తేలారు. ఆ సిగ్గు నా ఒక్కదానిదే కాదని తోచి ఈ ఉత్తరం రాస్తున్నాను.

నాకు కావలసినదంతా గైడులోనే దొరికింది. కథాసంగ్రహం రెండు పుటలు, గిరీశం పాత్రచిత్రణకు ఆరు పాయింట్లు, మధురవాణికి అయిదు, సంఘసంస్కరణ దృష్టి మీద ఒక పుట, చివర కవి పరిచయం. పరీక్ష ముందు రాత్రి వాటిని వల్లె వేస్తే సరిపోయింది. నాటకం అచ్చయిన సంవత్సరం 1892 అని అందులో ఉంటే నేనూ అలాగే రాశాను. దానికి మార్కులేమీ తగ్గినట్టు లేదు.

ఎం.ఏ.లో చేరబోయే ముందు వేసవిలో, ఇంట్లో ఉక్కపోత భరించలేక మా మండల కేంద్రంలోని శాఖా గ్రంథాలయానికి వెళ్లడం మొదలుపెట్టాను. అక్కడ బల్లల నిండా పోటీ పరీక్షలకు చదువుకునేవారే. వారి పుస్తకాలు వారే సంచుల్లో తెచ్చుకుంటారు, గ్రంథాలయం నుంచి వారికి కావలసింది ఫ్యానూ నిశ్శబ్దమూ మాత్రమే. (వారిని తప్పుపట్టడం లేదు, రెండేళ్లు పోతే నేనూ ఆ బల్ల దగ్గరే కూర్చోవచ్చు.) నాటకాల బీరువాకు ఏ తాళపుచెవి పడుతుందో వెతకడానికి గ్రంథపాలకులకు కొంతసేపు పట్టింది. నా చేతికి వచ్చిన ప్రతి వెనుక అట్ట లోపల అతికించిన గడువు చీటీ మీద ఆఖరి తేదీ ముద్ర 2008 నాటిది. అప్పుడు నేను అంగన్‌వాడీకి వెళుతున్నాను.

సంతలో సామాను కొనిపెడతానని పూటకూళ్లమ్మ దగ్గర పుచ్చుకున్న డబ్బును వేరే దారి పట్టించిన గిరీశం, ఇక ఊరు దాటక తప్పదని తనలో తాను లెక్కలు వేసుకునే చోటికి వచ్చేసరికి నాకు పైకే నవ్వు వచ్చేసింది. ఎదురుగా కరెంట్ అఫైర్స్ రాసుకుంటున్న ఆయన తలెత్తి చూశారు. గైడులో ‘హాస్యరస పోషణ’ అన్న ఉపశీర్షిక ఉన్నమాట నిజమే, దాని కింద ఉన్నదంతా నేను పరీక్షలో పొల్లుపోకుండా దించాను కూడా. కానీ ఈ నాటకం చదువుతుంటే నవ్వు వస్తుందని ఆ పేరా చదివినప్పుడు గానీ రాసినప్పుడు గానీ నాకు తట్టలేదు. అసిరిగాడు మాట్లాడే తీరు మా వీధిలో ఇప్పటికీ వినబడే తీరేనన్న సంగతీ అంతే. మన ఊళ్లలో కథ అడ్డం తిరిగిందని గిరీశం మాటను వాడనివారు లేరు గాని, ఆ మాట ఎవరి ఎదుట, ఏ స్థితిలో వచ్చిందో చివరి అంకం దాకా చదివితేనే తెలుస్తుంది.

తేదీ సంగతి కూడా అప్పుడే తేలింది. 1892 ఆ నాటకాన్ని విజయనగరంలో మొదట ఆడిన సంవత్సరం. అచ్చయింది 1897లో. తరువాత గురజాడ దానిని దాదాపు కొత్తగా రాసి 1909లో మళ్లీ అచ్చు వేయించారు. అయిదు అంకాలు ఏడయ్యాయి, మధురవాణి ఎంతో పెరిగింది. అంటే ఆ అయిదు పాయింట్లలో నేను మెచ్చుకున్న మధురవాణి రెండో కూర్పులోనిది, పైన వేసిన సంవత్సరం ఏ కూర్పుదీ కాదు. ఒక రచయిత తన రచనను పన్నెండేళ్ల తరువాత ఎందుకు తిరగరాశాడు, ఏ పాత్రను పెంచాడు, ఎవరి మాటలు మార్చాడు అన్నది సాహిత్య విద్యార్థికి ఇంతకన్నా మంచి ప్రశ్న ఏముంటుంది? మొదటి కూర్పును ఫోనులో, అక్షరాలు అలుక్కుపోయిన స్కాను ప్రతిలో చదివాను. ఫోనులో చదివితే అది చదువే కాదనే పెద్దలతో నాకు పేచీ ఉంది.

నేటి యువత పుస్తకాలు చదవడం లేదన్న మాట పత్రికల్లో తరచు కనిపిస్తుంది. సాహిత్యం పాఠ్యాంశంగా తీసుకున్న మాకైనా చదవవలసిన అవసరం పరీక్ష కల్పిస్తోందా అని ఎవరూ అడగరు. మా అధ్యాపకులను నేను నిందించను. సెమిస్టరుకు అయిదు యూనిట్లు పూర్తిచేయవలసిన వారు ఏడు అంకాల నాటకాన్ని తరగతిలో చదివించలేరు. సందర్భసహిత వ్యాఖ్యలు ఉన్నా, అవీ గైడులో గుర్తుపెట్టిన పది పన్నెండు వాక్యాల నుంచే తిరిగి తిరిగి వస్తుంటాయి. ప్రశ్నపత్రం కూర్చే పెద్దలకు నా విన్నపం ఒక్కటే. నిర్ణయించిన పుస్తకంలో ఎక్కడి నుంచైనా ఒక అరపుట ప్రశ్నపత్రం మీదే అచ్చువేసి, ఎవరు ఎవరితో మాట్లాడుతున్నారు, పైకి అంటున్నదేమిటి, మనసులో ఉన్నదేమిటి అని అడగాలి. ఆ ప్రశ్నకు సగం మార్కులు కేటాయిస్తే, ఆ ఏడాదే గడువు చీటీల మీద కొత్త ముద్రలు పడతాయని నా నమ్మకం.

అందుకు గ్రంథాలయం తలుపు తెరిచి ఉండాలి. మా శాఖ ఉదయం 8 నుంచి 11 వరకు, సాయంత్రం 4 నుంచి 7 వరకు పనిచేస్తుంది. నేను కళాశాల నుంచి వచ్చి బస్సు దిగేసరికి ఆరున్నర దాటుతుంది. మా నాన్నగారు కట్టే ఇంటి పన్నులో రూపాయికి 8 పైసల చొప్పున గ్రంథాలయ పన్ను కలిసే ఉంటుంది, రసీదులో దానికి విడిగా ఒక గడి కూడా ఉంది. పాఠకులకు వీలుగా రాత్రి తొమ్మిది వరకు తెరిచి ఉంచే ఏర్పాటును సంబంధిత అధికారులు పరిశీలించాలని మీ పత్రిక ద్వారా కోరుతున్నాను.

భవదీయ,
ఎం.ఏ. తెలుగు విద్యార్థిని,
విజయనగరం జిల్లా