పిల్లల వ్యక్తిగత భద్రతపై మన సంఘం ఈ ఏడాది చేసిన పని: సభ్యులకు వార్షిక నివేదిక

గౌరవ సభ్యులకు నమస్కారం. ఈ పనికి మమ్మల్ని పురికొల్పింది కోనసీమలో కనుమనాడు జరిగే జగ్గన్నతోట ప్రభల తీర్థం. గంగలకుర్రు నుంచి భుజాలపై మోసుకొచ్చే ఎత్తైన దేవుడి ప్రభలు కౌశిక నది దాటుతున్నప్పుడు అందరి చూపూ నీటిమీదే ఉండగా, మన వీధి పిల్లవాడొకడు తప్పిపోయి ఖర్జూరం దుకాణం పక్కన ఏడుస్తూ కనిపించాడు. నాన్న నంబరు చెప్పమంటే, "అమ్మ ఫోనులో ఉంది" అన్నాడు. తండ్రి దొరికేసరికి చీకటి పడింది.

ఆ తర్వాత జరిపిన సమావేశాల్లో, ప్రతి బిడ్డకూ ఇంటివారి నంబర్లు రెండు కంఠతా రావాలనీ, తప్పిపోతే అటూ ఇటూ తిరగకుండా ఉన్నచోటే నిలబడి దుకాణదారునో, పిల్లలతో వచ్చిన తల్లినో, పోలీసునో అడగాలనీ నేర్పించాం. ఇది తేలిగ్గానే సాగింది.

రెండో విషయం అంత తేలిక కాలేదు. కొత్తవాళ్లు పిలిస్తే వెళ్లవద్దని మనమందరం చెబుతూనే ఉంటాం గాని, పిల్లలపై లైంగిక వేధింపులకు పాల్పడేవారిలో ఎక్కువమంది వారికి తెలిసినవారే. దుస్తుల చాటున ఉండే చోట్లను ఎవరైనా తాకితే గట్టిగా వద్దని అరచి, అక్కణ్ణుంచి వచ్చేసి, నమ్మకమున్న పెద్దలకు చెప్పాలని వివరిస్తుండగా, ముందు వరుసలోని పాప లేచి, "మావయ్య అయినా చెప్పాలాండీ?" అని అడిగింది. చెప్పాలనే అన్నాం, పెద్దలం మాత్రం కాసేపు ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం. తల్లి కువైట్‌లో ఉండి, అమ్మమ్మ దగ్గర పెరిగే పిల్లలు మన లంకల్లో తక్కువేమీ కాదు. పదిమంది మధ్య వీడియో కాల్‌లో ఇలాంటి మాట ఎలా చెబుతారు? అందుకే, తాము చెప్పుకోగల ముగ్గురు పెద్దల పేర్లు ప్రతి బిడ్డా ముందే అనుకొని ఉంచుకోవాలని సూచించాం.

ఇటువంటివి పెద్దమనుషుల్లో పెట్టి రాజీ చేసుకుంటే పరువు దక్కుతుందని ఒక సభ్యుడు అన్నారు. కార్యవర్గం దీనితో ఏకీభవించలేదు. పిల్లలను లైంగిక నేరాల నుంచి కాపాడేందుకు 2012 నవంబరు 14 నుంచి అమల్లో ఉన్న పోక్సో చట్టం 18 ఏళ్లలోపు ఆడపిల్లలకూ మగపిల్లలకూ సమానంగా వర్తిస్తుంది. నేరం జరిగిందని తెలిసినవారు పోలీసులకు చెప్పి తీరాలి, చెప్పకపోవడమూ శిక్షార్హమే. బిడ్డ వాంగ్మూలాన్ని ఇంటివద్దగాని, బిడ్డ కోరిన చోటగాని, యూనిఫాం లేని అధికారి తీసుకోవాలనీ, పేరూ ఫొటో బయటపెట్టకూడదనీ కూడా ఆ చట్టంలో ఉంది కనుక, పరువు భయానికి అసలు తావు లేదు. పిల్లల సహాయ నంబరు 1098కి రాత్రీ పగలూ ఉచితంగా ఫోన్ చేయవచ్చు. ఆ నంబరును రామాలయం అరుగు గోడమీద రాయించాం.

సమావేశాలకు తండ్రులు చాలా తక్కువగా వచ్చారు. సార్వా ఊడ్పులు మొదలుకాకముందే వారికోసం ప్రత్యేకంగా సాయంత్రంపూట ఒక సమావేశం పెట్టాలని తీర్మానించాం.